నోటీసు బోర్డును చదవడం ఎలా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగాల నుంచి వచ్చినవే ఎక్కువ. పీజీ చదువుతున్నవారు, పరిశోధక విద్యార్థులు, పీహెచ్‌డీ ముగించి తరువాత ఏం చేయాలా అని ఆలోచిస్తున్నవారు తమ విభాగాలలోని వార్తల గురించి, వాటి వెంట వచ్చే అవకాశాల గురించి అడిగారు. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట అందులో వివరంగా ఉన్న ఉత్తరాన్ని తీసుకున్నాం.

ప్రశ్న: నేను రసాయన శాస్త్రంలో పీజీ మొదటి ఏడాది విద్యార్థిని. మా విభాగం ప్రతి వారం ఒక సమాచార పత్రం పంపుతుంది. ఎవరికో గ్రాంటు వచ్చిందనీ, ఎవరో కొత్తగా చేరారనీ, ఫలానావారి పీహెచ్‌డీ వైవా ఫలానా రోజుననీ అందులో ఉంటుంది. ఉద్యోగాలకు, ఫెలోషిప్పులకు సంబంధించిన సమాచారం మాత్రం చివర రెండు మూడు పంక్తులే. మిగతాదంతా చదవడం వల్ల నాకు ఒరిగేదేమిటి?

జవాబు: ఆ చివరి పంక్తుల కంటే మిగతాదే మీకు ఎక్కువగా పనికొస్తుంది. ఉద్యోగ ప్రకటన వెలువడేనాటికి దాని వెనుక వ్యవహారం చాలావరకు నడిచిపోయి ఉంటుంది. గ్రాంటు కోసం రాసిన ప్రతిపాదనలోనే మనుషులకు ఇంత, రసాయనాలకు ఇంత, పరికరాలకు ఇంత అని పద్దులు వేసి ఉంటాయి. మంజూరు పత్రం వచ్చాక ఖాతా తెరవడానికి, నియామకానికి అనుమతి తీసుకోవడానికి, ప్రకటన సిద్ధం చేయడానికి కొన్ని వారాలు, ఒక్కోచోట కొన్ని నెలలు కూడా పడుతుంది. ఎంపిక బహిరంగంగానే జరుగుతుంది, జరగాలి కూడా. అయినా ఆ పని ఏమిటో, దానికి ఏ నైపుణ్యం కావాలో ముందుగా తెలుసుకుని సిద్ధపడిన అభ్యర్థి రాసిన దరఖాస్తుకూ, గడువు ముందు రోజు రాత్రి హడావుడిగా రాసిన దరఖాస్తుకూ తేడా మొదటి పేరాలోనే బయటపడుతుంది. కాబట్టి గ్రాంటు వార్త కనిపించినప్పుడల్లా త్వరలో అక్కడ మనుషులు కావలసి వస్తారని గుర్తుపెట్టుకోండి.

కొత్త అధ్యాపకులు చేరిన వార్త అంతకన్నా విలువైనది. వారికి ఒక ఖాళీ గది, విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్లు కొన్ని, కొనవలసిన సామగ్రి జాబితా మాత్రమే ఉంటాయి. చేతి కింద పనిచేసేవారు ఉండరు. ఆ దశలో చేరిన విద్యార్థి వ్యాక్యూమ్ లైను బిగించడం దగ్గర నుంచి గ్లవ్ బాక్సులో ఆక్సిజన్, తేమ పెరగకుండా చూసుకోవడం దాకా అన్నీ మొదటి నుంచి నేర్చుకుంటాడు. స్థిరపడిన పెద్ద ల్యాబులో చేరినవారికి ఈ అవకాశం చాలా అరుదుగా వస్తుంది. ఇందులో ఇబ్బంది కూడా ఉంది. అడిగి తెలుసుకోవడానికి సీనియర్లు ఉండరు, ఆ అధ్యాపకుల ఉద్యోగం కూడా ఇంకా ఖాయమై ఉండకపోవచ్చు, మొదటి ఏడాది ఫలితాల కంటే సామగ్రి కోసం ఎదురుచూపులే ఎక్కువ. అయినా నన్నడిగితే, ఓపిక ఉన్న విద్యార్థికి అదే మంచి చోటు అంటాను.

వైవా ప్రకటనను చాలామంది మిత్రులైతే తప్ప పట్టించుకోరు. ఒకరి వైవా అయిందంటే ఆ బృందంలో ఒక చోటు ఖాళీ అవుతుంది. పైగా బహిరంగంగా జరిగే వైవాలో పరీక్షకులు అడిగే ప్రశ్నలు వింటే ఆ బృందం పనిలో బలమెక్కడుందో, బలహీనత ఎక్కడుందో ఏ పత్రికా వ్యాసమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. కొత్త పరికరం వచ్చిన వార్త కూడా అలాంటిదే. మొదటి నెలల్లో శిక్షణ తరగతులకు వచ్చేవారు తక్కువగా ఉంటారు, కాబట్టి పరికరం మీద సమయం దొరుకుతుంది. ఏడాది తిరిగేసరికి అదే పరికరం కోసం వారాల తరబడి వరుసలో ఉండాల్సి వస్తుంది.

పదవీ విరమణ వార్తలతో కాస్త జాగ్రత్త అవసరం. పాత ల్యాబును ఖాళీ చేయడానికి సాయం రమ్మని విద్యార్థులను పిలవడం మామూలే. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఈథర్ సీసాల్లో పేలుడు స్వభావం గల పెరాక్సైడ్లు ఏర్పడి ఉండవచ్చు, తడి ఆరితే పేలే పిక్రిక్ ఆమ్లం ఆరిపోయి ఉండవచ్చు. అలాంటి సీసాల మూత తిప్పే పని భద్రతాధికారులది, మీది కాదు.

ఇక ఆచార్యులకు ఉత్తరం రాసేటప్పుడు పొగడ్తలు మానేయండి. వారి ఇటీవలి వ్యాసాలు రెండు చదివి, వాటిలో మీకు నిజంగా కలిగిన సందేహం ఒకటి రాసి, మీరు ఏ ప్రయోగాలు స్వయంగా చేశారో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో చెప్పి, మార్కుల పత్రం జతచేయండి. జవాబు రాకపోతే రెండు వారాల తరువాత ఒక్కసారి గుర్తుచేయండి. అంతకు మించి వెంటపడవద్దు.

ప్రశ్న: 2025లో లోహ-సేంద్రియ చట్రాలకు (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన, లోపల ఖాళీలున్న స్ఫటికాలు; క్లుప్తంగా ఎం.ఓ.ఎఫ్.) నోబెల్ బహుమతి వచ్చినప్పటి నుంచి మా విభాగంలో ఎవరిని కదిపినా వాటి గురించే మాట్లాడుతున్నారు. పీహెచ్‌డీకి నేనూ అదే అంశం తీసుకుంటే అవకాశాలు పెరుగుతాయా?

జవాబు: బహుమతి పొందిన పని ఎప్పటిదో ముందు చూడండి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలోని రిచర్డ్ రాబ్సన్ 1974లో విద్యార్థులకు పాఠం చెప్పడం కోసం చెక్క బంతులతో అణువుల నమూనాలు తయారుచేయించారు. బంతుల్లో రంధ్రాలు సరైన చోట తొలిస్తే చాలు, నమూనా తనంతట తానే సరైన ఆకారంలోకి వస్తోందని గమనించిన ఆయన, నిజమైన పరమాణువులతో ఇది చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. రాగి అయాన్లను నాలుగు చేతులున్న ఒక సేంద్రియ అణువుతో కలిపి, లోపల పెద్ద ఖాళీలున్న స్ఫటికాన్ని తయారుచేసి ప్రచురించింది 1989లో. ఆ చట్రాలు తేలిగ్గా కూలిపోయేవి. వాయువులు లోపలికి పోయి బయటికి రాగల చట్రాలను జపాన్‌లో సుసుము కితగావా 1997లో చూపించారు. లోపల ఏమీ లేకుండా 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసినా నిలిచే ఎం.ఓ.ఎఫ్.-5ను ఒమర్ యాఘీ బృందం 1999లో అందించింది. అంటే ఈ బహుమతి పాతికేళ్ల కిందటి పనికి, కొంత భాగం ముప్పై అయిదేళ్ల కిందటి పనికి వచ్చినది.

ఇప్పుడు ఆ రంగంలో అడుగుపెట్టేవారు చాలా రద్దీలో అడుగుపెడుతున్నారని అర్థం. అందువల్ల అది చెడ్డ అంశమని నేననను. వాతావరణంలో నుంచి నీటిని పట్టడం, కార్బన్ డయాక్సైడును వేరుచేయడం వంటి పనుల్లో ఇంకా చేయవలసింది ఎంతో ఉంది. కాని మీ అవకాశాలను పెంచేది థీసిస్ శీర్షికలోని ఆ మాట కాదు, అయిదేళ్లలో మీ చేతికి వచ్చిన పనితనం. ఎక్స్‌రే వివర్తనంతో స్ఫటిక నిర్మాణాన్ని స్వయంగా సాధించగలరా, వాయు అధిశోషణ (వాయువును నమూనా ఎంత పట్టుకుందన్న) కొలతలను చూసి నమూనాలో లోపముందో పరికరంలో లోపముందో చెప్పగలరా అన్నవే రేపు ఔషధ పరిశ్రమలోనైనా, బ్యాటరీల పరిశ్రమలోనైనా అడుగుతారు. ఆ చట్రాల మీద పనిచేసే బృందంలో ఇవన్నీ ఎవరో ఒక నిపుణుడే చేసి పెడుతుంటే, మీరు సంశ్లేషణ ఒక్కటే చేస్తుంటే, ఎంత గొప్ప బహుమతి పొందిన అంశమైనా మీకు పెద్దగా కలిసిరాదు. మీ విభాగంలో ఎవరూ మాట్లాడని మూల ఏదైనా ఉంటే అక్కడికి కూడా ఒకసారి వెళ్లి చూడండి. చెక్క బంతులకు రంధ్రాలు తొలిపించిన ఏడాదిలో రాబ్సన్ చేస్తున్న పనిని కూడా ఎవరూ వార్తగా భావించి ఉండరు.

ప్రశ్న: వారం వారం జరిగే సెమినార్లకు హాజరు తప్పనిసరి చేశారు. నా అంశానికి సంబంధం లేనివే ఎక్కువ. ఏం లాభం?

జవాబు: ఉపన్యాసం కంటే ఆ తరువాత వక్తతో విద్యార్థులు మాట్లాడేందుకు కేటాయించే సమయమే ముఖ్యం. ఆ సమావేశానికి పేర్లు ఇచ్చేవారు దాదాపు ప్రతిచోటా తక్కువే. మీ పేరు ఇవ్వండి. సంబంధం లేని అంశమైతే మీ బృందంలో ఏ పని వారికి ఉపయోగపడవచ్చో అడగండి.

ప్రశ్న: మరికొద్ది నెలల్లో నా థీసిస్ సమర్పిస్తాను. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం ఎంతోమంది ఆచార్యులకు ఉత్తరాలు రాశాను; జవాబిచ్చినవారు ఇద్దరే, ఇద్దరూ "డబ్బు లేదు, మీరే ఫెలోషిప్ తెచ్చుకుంటే రండి" అన్నారు. ఇది మర్యాదగా వద్దనడమేనా?

జవాబు: కాకపోవచ్చు. పోస్ట్‌డాక్‌లకు జీతం వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, ఆచార్యుల ప్రాజెక్టు నిధుల నుంచి వచ్చేది. రెండవది, మీ పేరు మీద మీరు గెలుచుకున్న ఫెలోషిప్. మొదటి దారిలో పని వారు నిర్ణయించినదే, జీతం కూడా ప్రాజెక్టు ఉన్నంతకాలమే. రెండవదానిలో ప్రతిపాదన మీది, పేరూ మీదే. అయితే ఫలితం తెలియడానికే నెలలు పడుతుంది. ఫెలోషిప్ తెచ్చుకుంటే రమ్మన్న ఆచార్యులను మళ్లీ ఒక ప్రశ్న అడగండి: "ఫలానా ఫెలోషిప్‌కు మీరు ఆతిథ్యమిస్తారా, ప్రతిపాదన చిత్తుప్రతిని చదివి సలహా ఇస్తారా?" ఇస్తానన్నారంటే అది నిజమైన ఆహ్వానం. మౌనమే సమాధానమైతే మీ అనుమానం సరైనదే.

ఈ ఫెలోషిప్పులలో అర్హత నియమాలను పీహెచ్‌డీ ముగిశాక కాకుండా ముందే చదవాలి, ఎందుకంటే కాలం లెక్క అక్కడే మొదలవుతుంది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌నే తీసుకోండి. మీరు ఏ దేశంలో పనిచేయదలచుకున్నారో ఆ దేశంలో, దరఖాస్తు గడువుకు ముందు 36 నెలలలో 12 నెలలకు మించి నివసించి గాని పనిచేసి గాని ఉండకూడదన్నది దాని ప్రధాన నియమాలలో ఒకటి. ముందు ప్రాజెక్టు జీతం మీద అక్కడికి చేరిపోదాం, తరువాత ఈ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేద్దామనుకున్నవారు ఏడాది దాటగానే అర్హత పోగొట్టుకుంటారు. ఈ సంగతి తెలియక నష్టపోయినవారు తక్కువేమీ కాదు. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్‌ల కోసం ఇచ్చే పరిశోధక ఫెలోషిప్‌కైతే పీహెచ్‌డీ పూర్తయి నాలుగేళ్లు దాటకూడదు, అక్కడ మీకు చోటిచ్చే ఆచార్యులను దరఖాస్తుకు ముందే మీరే వెతుక్కుని అంగీకారం తీసుకోవాలి. నియమాలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటననే ప్రమాణంగా పెట్టుకోండి, సీనియర్లు చెప్పినదాన్ని కాదు.

మీ ఉత్తరాలకు జవాబు రాకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. అందరికీ ఒకే ఉత్తరం పంపి ఉంటే చదివేవారికి అది వెంటనే తెలిసిపోతుంది. పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరి బృందంలో ఇటీవల పనిచేసి వెళ్లిపోయినవారు ఇప్పుడెక్కడున్నారో చూడండి. వెళ్లినవారంతా మంచి స్థానాల్లో ఉంటే ఆ ఆచార్యులు సిఫారసు ఉత్తరాలు శ్రద్ధగా రాస్తారని అనుకోవచ్చు; వారి జాడే తెలియకపోతే ఆలోచించవలసిందే. ఆ పాతవారిలో ఒకరిద్దరికి రాసి, బృందంలో పని గంటలు, సెలవులు, వ్యాసంలో పేర్ల వరుస ఎలా నిర్ణయిస్తారో అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు ఎక్కడా అచ్చులో దొరకదు.

మీ ప్రధాన వ్యాసం ఇంకా పత్రికల సమీక్షలోనే ఉంటే, మీ గైడు అంగీకరిస్తే దాన్ని 2017లో మొదలైన కెమ్‌ఆర్కైవ్ లాంటి ప్రీప్రింట్ భాండాగారంలో, అంటే సమీక్ష ముగియకముందే వ్యాసాలను అందరికీ అందించే చోట, ఉంచవచ్చు. "సమర్పించాం" అన్న మాట కంటే చదవడానికి దొరికే వ్యాసానికి విలువ ఎక్కువ. పేటెంటు ఆలోచన ఉంటే మాత్రం ఆ పని చేసే ముందు కింది జవాబు చదవండి.

ప్రశ్న: ఒక కొత్త ఉత్ప్రేరకం గురించి మా ఫలితాలు బాగున్నాయని విభాగం తమ వార్తలలో వేస్తామంటోంది. వచ్చే నెల ఒక సదస్సులో దానిమీదే పోస్టర్ కూడా ఉంది. పేటెంటు సంగతి తరువాత చూద్దామని మా గైడు అంటున్నారు. సరేనా?

జవాబు: సరికాదు. యూరప్‌తో సహా చాలాచోట్ల పేటెంటు చట్టంలో కొత్తదనం అన్న షరతు చాలా కఠినం. దరఖాస్తు దాఖలుకు ముందు ఆ విషయం ఏ రూపంలోనైనా బహిరంగమైతే, అది మీరే వెల్లడించినదైనా సరే, కొత్తదనం పోయినట్టే. అమెరికాలో ఆవిష్కర్త స్వయంగా వెల్లడించినప్పటి నుంచి ఏడాది వెసులుబాటు ఉంది, కాని ఆ ఒక్క దేశాన్ని నమ్ముకుని మిగతా దేశాలను వదులుకోవడం తెలివైన పని కాదు. పోస్టర్, సదస్సు సంక్షిప్త వ్యాసం, ప్రీప్రింట్, బహిరంగ వైవా, గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో పెట్టిన థీసిస్ ఇవన్నీ వెల్లడి కిందికే వస్తాయి. విభాగం వార్తలో ఉత్ప్రేరకంలోని లోహం, దానికి అతుక్కుని ఉండే లైగాండ్ నిర్మాణం ఉంటే అదీ అంతే.

మీ విశ్వవిద్యాలయంలో పేటెంట్ల వ్యవహారం చూసే కార్యాలయానికి ఇవాళే ఒక చిన్న వివరణ పంపండి. పేటెంటుకు విలువ లేదని వారు తేల్చితే పోస్టర్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఉందంటే ముందు దాఖలు, ఆ మరునాడే వార్త. నెల రోజుల వ్యవధిలో ఇది సాధ్యమే. మీ గైడుకు ఈ సంగతి చెప్పేటప్పుడు, ప్రచురణ ఆగదనీ, కొన్ని రోజులు వెనక్కి జరుగుతుందనీ చెప్పండి. చాలామంది ఆచార్యుల అభ్యంతరం అక్కడే ఉంటుంది. ఆవిష్కర్తల జాబితాలో ఎవరి పేర్లు ఉండాలన్నది వ్యాసంలో పేర్ల లాగా మొహమాటానికి చేర్చేది కాదు. ఆలోచనలో నిజంగా పాలుపంచుకున్నవారివే ఉండాలి, లేకపోతే పేటెంటే చెల్లకుండా పోయే ప్రమాదముంది.

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. సెలవుల్లో ఒక ల్యాబులో పనిచేసేందుకు చోటు దొరికింది, జీతం ఉండదు. చేరమంటారా? అక్కడ వాడే రసాయనాలు ప్రమాదకరమని మా ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు: జీతం లేని పనిని నేను ఇష్టంగా సిఫారసు చేయను, అది ఇంటి నుంచి ఖర్చు పెట్టగలవారికే ఉపయోగపడుతుంది కాబట్టి. ప్రయాణ ఖర్చులకైనా, వసతికైనా విభాగంలో ఏదైనా నిధి ఉందేమో కార్యాలయంలో అడగండి. అడిగేవారు లేక మిగిలిపోయే చిన్న నిధులు చాలా విభాగాలలో ఉంటాయి. కాలపరిమితి, మీరు నేర్చుకోబోయే పని స్పష్టంగా ఉంటేనే చేరండి.

ఇంట్లోవారి భయం అర్థం లేనిదేమీ కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్ర ఆచార్యురాలు 1996 ఆగస్టులో పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ అనే విషపు పాదరస సమ్మేళనం చుక్కలు కొన్ని ఆమె లేటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. ఆ గ్లవ్ దాన్ని కొన్ని సెకన్లకు మించి ఆపలేదని తరువాతి పరీక్షల్లో తేలింది. లక్షణాలు నెలల తరువాత గాని బయటపడలేదు. 1997 జూన్‌లో ఆమె మరణించారు. ఆమె ఆనాటి జాగ్రత్తలన్నీ తీసుకున్న నిపుణురాలు. కాబట్టి చేరిన మొదటి రోజే అడగవలసిన ప్రశ్న "గ్లవ్స్ ఎక్కడున్నాయి" అని కాదు, "ఈ ద్రావణికి, ఈ కారకానికి ఏ రకం గ్లవ్ పనికొస్తుంది" అని. భద్రతా శిక్షణ ఇవ్వకుండా మొదటి రోజే ప్రయోగం అప్పగించే ల్యాబు, రాత్రివేళ ఒంటరిగా పనిచేయమనే ల్యాబు ఎంత పేరున్నదైనా వదిలేయండి.

ప్రశ్న: పీహెచ్‌డీ తరువాత మా విభాగంలోనే అణువుల నిర్మాణాన్ని తేల్చే ఎన్.ఎం.ఆర్. పరికరాల బాధ్యత చూసే శాస్త్రవేత్త ఉద్యోగం ఇస్తామంటున్నారు. "పరిశోధన మానేసి మెకానిక్ పని చేస్తావా" అని మిత్రులు ఎగతాళి చేస్తున్నారు. పైగా చదివిన చోటే ఉండిపోవడం మంచిదా?

జవాబు: మీ మిత్రులకు కోయిచి తనకా గురించి తెలియదు కాబోలు. పెద్ద ప్రోటీన్ అణువులను విచ్ఛిన్నం కానివ్వకుండా లేజరుతో అయాన్లుగా మార్చే పద్ధతికి 2002లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పొందినప్పుడు ఆయన పరికరాలు తయారుచేసే షిమాజు కంపెనీలో ఇంజనీరు. పీహెచ్‌డీ లేదు, చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో డిగ్రీ. ఎన్.ఎం.ఆర్. విషయానికే వస్తే, 1991లో బహుమతి పొందిన రిచర్డ్ ఎర్నెస్ట్ ఆ పరికరాన్ని ఎన్నో రెట్లు సున్నితం చేసిన ఫూరియర్ పద్ధతిని 1960లలో రూపొందించింది వేరియన్ అనే పరికరాల కంపెనీలో పనిచేస్తున్నప్పుడే. అందరికీ నోబెల్ వస్తుందని దీని అర్థం కాదు. ఒక విభాగంలో సగం వ్యాసాలకు ఆధారమైన కొలతలు ఎవరి చేతుల మీదుగా నడుస్తాయో వారి పనిని తక్కువగా చూడడం తప్పని మాత్రం అర్థం.

ఉద్యోగంలో స్థిరత్వం విషయంలో ఇది చాలా పోస్ట్‌డాక్‌ల కంటే మెరుగు. అదే సమయంలో స్వతంత్రంగా విద్యార్థులను తీసుకునే అధికారం సాధారణంగా ఉండదు, అధ్యాపక పదవి వైపు మళ్లడం కష్టమవుతుంది. మీకు సొంతంగా ఒక బృందం నడపాలన్న కోరిక బలంగా ఉంటే ఇప్పుడే వద్దనండి. చదివిన చోటే ఉండడం గురించి: అధ్యాపకులు కాదలచినవారికి అది అడ్డంకి అవుతుంది, ఈ ఉద్యోగానికి అంతగా కాదు. అయినా పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, నిన్నటి విద్యార్థి మాటను అక్కడి ఆచార్యులు వినరు. పరికరం వేళలు నిర్ణయించే అధికారం మీకు రాతపూర్వకంగా ఇవ్వకపోతే మొదటి ఏడాదంతా ఆ పోరుతోనే సరిపోతుంది.

అంగీకరించే ముందు కొన్ని విషయాలు అడగండి. అయస్కాంతాన్ని 4.2 కెల్విన్ దగ్గర ఉంచే ద్రవ హీలియం ఖర్చు ఎవరు భరిస్తారు, హీలియం దొరకని రోజుల్లో ఏ ఏర్పాటు ఉంది, ఆవిరైన హీలియంను తిరిగి పట్టే వ్యవస్థ ఉందా లేక కొనే ఆలోచన ఉందా తెలుసుకోండి. పరికరం మరమ్మతు ఒప్పందం ఎప్పటివరకు ఉందో చూడండి. అది ముగిసిన మరునాడు చేరితే ప్రతి లోపమూ మీ తలమీదకే వస్తుంది. నమూనా పెట్టి స్పెక్ట్రమ్ తీసి ఇవ్వడం ఒకటి, కొత్త పల్స్ ప్రయోగం రూపొందించి నిర్మాణాన్ని తేల్చడం మరొకటి. రెండవ రకం పని చేసినప్పుడు వ్యాసంలో మీ పేరు రచయితలలో ఉంటుందా, కృతజ్ఞతలతో సరిపెడతారా అన్నదానికి విభాగానికి లిఖిత నియమం ఉండాలి. లేకపోతే, నియామక పత్రం మీద సంతకం పెట్టకముందే దాన్ని రాయించుకోండి. మీ మాటకు ఆ వారంలో ఉన్నంత బలం ఆ తరువాత చాలాకాలం ఉండదు.